పొమ్మనే నోరు వాళ్లదేనా? పోతాననే నోరు మనకు లేదా?

కాగితం మీద రెండు వాక్యాలు ఉంటాయి. మొదటిది: ‘సంస్థ ఈ ఒప్పందాన్ని ఎప్పుడైనా, ఏ కారణమూ చూపకుండా రద్దు చేయవచ్చును.’ రెండోది: ‘పని ఒప్పుకున్న వ్యక్తి మానుకోదలచినచో 90 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయవలెను. లేనిచో రావలసిన సొమ్ము జప్తు అగును. లక్ష రూపాయలు నష్టపరిహారము చెల్లించవలెను.’ కింద సంతకానికి చోటు. ఆ చోట సంతకం పెడుతున్నది మన పిల్లలు.

ఎవరీ పిల్లలు? మన వాడల్లో డిగ్రీలు పూర్తి చేసి, సర్కారు నౌకరీ రాక, చెక్క పొలం లేక, ఏదో ఒక పని దొరికితే చాలనుకునేవాళ్లు. కోచింగ్ సెంటర్లో గంటల లెక్కన పాఠం చెప్పేవాళ్లు. యూట్యూబ్ చానెళ్లకు వీడియోలు కత్తిరించి అతికించేవాళ్లు. అనువాదాలు చేసేవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి సర్వే రాసేవాళ్లు. వీళ్లను ఇప్పుడు ఉద్యోగులు అనరు. ‘ఫ్రీలాన్సర్’ అంటారు, ‘కన్సల్టెంట్’ అంటారు. పేరు గొప్పదే. దాని అర్థం ఏమిటంటే, నువ్వు మా నౌకరువి కావు, నీ పని నువ్వు చేసుకునే స్వతంత్రుడివి అని. కాబట్టి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, సెలవు లేదు, జ్వరమొస్తే డబ్బు లేదు. సరే, స్వతంత్రుడినే అనుకుందాం. మరి స్వతంత్రుడు పోతానంటే మూణ్ణెల్లు కట్టేసుడు ఎందుకు? హక్కులు అడిగితే స్వతంత్రుడు, మానుకుంటానంటే జీతగాడా?

ఇట్లాంటి కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు గడువుకు ముందే బయటికి రావచ్చా? వస్తే ఏమవుతుంది? ఎట్లా రావాలి? ఈ పక్షం మాట్లాడుకోవలసింది ఇదే.

పాత ముడి, కొత్త కాగితం

పాలేరుతనం ఎట్లా ఉండేదో మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఉగాదికి కుదిరితే మళ్లీ ఉగాది దాకా. ముందు కొంత అడ్వాన్సు, కొన్ని గింజలు. నాగా పడితే కోత. ఆసామికి కోపమొస్తే ‘రేపట్నించి రాకు’ అని ఒక్క మాట. పాలేరు మాత్రం ఏడాది నడుమ మానితే చేసిన నెలల జీతమూ పోయె, తీసుకున్న అప్పు వడ్డీతో మీద పడె. తీసేయడానికి ఆసామికి ఒక్క పూట చాలు. మానుకోవడానికి పాలేరుకు ఏడాది పట్టేది, ఒక్కోసారి ఒక తరం పట్టేది.

1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అందులో వెట్టి ఒప్పందం ఉన్నట్టు భావించవలసిన పద్ధతుల పేర్లు వరుసగా రాశారు. ఆ వరుసలో మన మాటలే ఉన్నాయి: పాలేరు, జీత, భగేలా, వెట్టి. మన తాతల చాకిరీ పేర్లు పార్లమెంటు చట్టంలోకి ఎక్కాయంటే ఆ ముడి ఎంత గట్టిదో అర్థం చేసుకోవచ్చు. వెట్టివాడు ఏం పోగొట్టుకుంటాడో కూడా ఆ చట్టం చెప్పింది. వేరే చోట పనికి పోయే స్వేచ్ఛ, నచ్చిన చోటికి తిరిగే స్వేచ్ఛ అందులో ముఖ్యమైనవి.

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పుకోవాలి. ప్రతి ఫ్రీలాన్స్ ఒప్పందాన్నీ వెట్టి అనలేం, అనగూడదు. అంటే వెట్టి చేసినవాళ్ల కష్టాన్ని చులకన చేసినట్టవుతుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికీ కొట్టంలో పడుకున్నవాడికీ తేడా ఉంది. కానీ గడియ ఒక్క వైపే పెట్టిన తలుపు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అందుకే ఆ పాత పోరాటంలో గెలుచుకున్న హక్కులు ఈ కొత్త కాగితం ముందు కూడా పనికొస్తాయి.

మానితే జైలు అన్న కాలం

యజమాని మాట తప్పితే సివిల్ కోర్టు, పనివాడు మాట తప్పితే జైలు. ఇది తిట్టు కాదు, ఈ దేశంలో నడిచిన చట్టం. 1859లో ఇంగ్లీషు సర్కారు పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం తెచ్చింది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని మానేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. డబ్బు కట్టమనో, పని పూర్తి చేయమనో మేజిస్ట్రేటు ఆర్డరు వేస్తాడు. వినకపోతే మూడు నెలల దాకా జైలు. తేయాకు తోటల దొరలు ఈ చట్టాన్ని కొరడా లాగా వాడుకున్నారు. చివరికి 1925లో రద్దు చట్టం చేశారు. దూరప్రాంతంలో పనికి కుదిరి మానుకోవడాన్ని నేరంగా చూసిన శిక్షాస్మృతి సెక్షన్ కూడా ఆ ఊపులోనే పోయింది. అంటే ‘పని మానడం నేరం’ అన్న మాటకు ఈ దేశంలో కాలం చెల్లి నూరేళ్లయింది.

పని విడిచే హక్కు కోసం కొట్లాడిన వాళ్లలో బాబాసాహెబ్ ముందున్నారు. బొంబాయి రాష్ట్రంలో మహర్లకు వతన్ పేరుతో కొద్దిపాటి భూమి చూపించి, రాత్రనక పగలనక సర్కారు చాకిరీ చేయించుకునేవాళ్లు. 1928లో ఆయన బొంబాయి శాసనమండలిలో ఆ వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. ఆ చాకిరీ నుంచి బయటపడే దారి మహర్లకు ఉండాలన్నదే అందులోని మాట. తర్వాత రాజ్యాంగంలో 23వ అధికరణం వచ్చింది. బలవంతపు చాకిరీ నిషేధం.

ఆ అధికరణానికి ఎంత లోతు ఉందో 1982లో సుప్రీం కోర్టు చెప్పింది. ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు కట్టిన కూలీల తరఫున పౌర హక్కుల సంఘంవాళ్లు వేసిన కేసు అది. జస్టిస్ భగవతి ఇచ్చిన ఆ తీర్పులో రెండు మాటలు మన ప్రతి కార్యకర్తకూ నోటికి రావాలి. ఒకటి, బలవంతం అంటే కర్ర పట్టుకుని నిలబడడం ఒక్కటే కాదు, ఆకలి కూడా బలవంతమే. రెండు, ఒక మనిషి ఒప్పందం చేసుకున్నా సరే, దానికి డబ్బు తీసుకుంటున్నా సరే, పని చేస్తూనే ఉండాలని అతణ్ని చట్టం చేత గానీ మరో విధంగా గానీ నిర్బంధించడానికి వీల్లేదు. నిర్బంధిస్తే అది బలవంతపు చాకిరీయే.

నాలుగు బెదిరింపులు

మానుకుంటానన్న పిల్లవాడికి ఫోనులో నాలుగు బెదిరింపులు వస్తాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: పోలీసు కేసు పెడతాం. ఒప్పందం ప్రకారం పని చేయకపోవడం సివిల్ తగాదా. ఏ ఆసరా లేని రోగినో, పసిబిడ్డనో, మతి స్థిమితం లేనివాళ్లనో చూసుకుంటానని ఒప్పుకుని వదిలేసిన సందర్భం తప్ప, మామూలు పని మానినందుకు స్టేషనుకు సంబంధం లేదు. కానీ ఒక జాగ్రత్త. పని చేసే ఉద్దేశం మొదట్నించే లేకుండా అడ్వాన్సు తీసుకుంటే అది మోసం కింద కేసవుతుంది. కాబట్టి అడ్వాన్సు ఉంటే చేసిన పనిలో సర్దండి, మిగిలింది తిరిగి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

రెండోది: గడువు దాకా నీతో పని చేయిస్తాం. చేయించలేరు. మనిషి సొంత నైపుణ్యం మీద ఆధారపడ్డ పనిని బలవంతాన చేయించమని కోర్టు ఆర్డరు ఇవ్వదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 14వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. వాళ్లు అడగగలిగింది నష్టపరిహారమే.

మూడోది: లక్ష కట్టాల్సిందే, కాగితంలో రాసి ఉంది. రాసి ఉన్నంత మాత్రాన అంతా రాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసిన మొత్తం పైహద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. ఒక లెక్క వేసి చూడండి. నెలకు 15,000కు పని చేస్తున్న అమ్మాయి 90 రోజుల నోటీసు ఇవ్వకుండా మానిందనుకుందాం. సంస్థ ఆమె చోట 17,000కు ఇంకొకరిని పెట్టుకుంది. నెలకు 2,000 ఎక్కువ, మూడు నెలలకు 6,000. ఇదీ వాళ్లకు జరిగిన నష్టం. మనిషి వెంటనే దొరికీ పెట్టుకోకుండా నష్టం పెంచుకుంటే ఆ పెంచుకున్నది అడగలేరు. ఇది 73వ సెక్షన్‌లోని మాట. ఆరు వేల నష్టానికి లక్ష అడగడం పరిహారం కాదు, జుల్మానా.

నాలుగోది: ఈ జిల్లాలో ఇంకెక్కడా పని చేయనివ్వం, రెండేళ్లు ఈ వృత్తే చేయొద్దని సంతకం పెట్టావు. బతుకుతెరువును కట్టడి చేసే షరతు చెల్లదని అదే చట్టం 27వ సెక్షన్ అంటున్నది. ఒప్పందం నడుస్తున్నప్పుడు పోటీ సంస్థకు చేయొద్దంటే కొంత వరకు చెల్లవచ్చు. ఒప్పందం ముగిశాక మాత్రం చెల్లదు. ఐతే వాళ్ల లెక్కల పుస్తకాలు, ఖాతాదారుల జాబితాలు ఎత్తుకుపోవడం వేరే సంగతి. అది చేయొద్దు.

చట్టమంతా మన వైపే లేదు

బెదిరింపులు ఉత్తవని చెప్పి ఊరుకుంటే మీకు సగమే చెప్పినట్టు. మిగతా సగం కూడా వినండి.

బలమున్నవాడు బలం లేనివాడి చేత సంతకం పెట్టించుకున్న అన్యాయపు షరతు చెల్లదని 1986లో సుప్రీం కోర్టు బ్రోజోనాథ్ గంగూలీ కేసులో తీర్పు ఇచ్చింది. మూడు నెలల నోటీసు ఇచ్చి పర్మినెంటు ఉద్యోగిని కారణం లేకుండా తీసేసే రూలును కొట్టేసింది. గొప్ప తీర్పే. కానీ ఆ కేసులో యజమాని సర్కారు కంపెనీ. ప్రైవేటు యజమాని ముందు, అందులోనూ ‘నౌకరు కాదు’ అని రాసుకున్న కాగితం ముందు, ఆ తీర్పు అంతే బలంగా పని చేస్తుందని హామీ లేదు. 2025లో ఇంకో తీర్పు వచ్చింది. మూడేళ్లు పనిచేయకుండా మానితే రెండు లక్షలు కట్టాలని ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టుకున్న షరతును సుప్రీం కోర్టు సమర్థించింది. మళ్లీ మనుషులను ఎంపిక చేసుకోవడానికి బ్యాంకుకు అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకుంది. కాబట్టి ‘బాండు ఏదైనా చెల్లదు’ అని ఎవరైనా వాడలో చెబితే నమ్మకండి. షరతు ఏమిటి, నష్టం నిజమా, మొత్తం సబబా అని కోర్టు చూస్తుంది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫాం వర్కర్ అన్న మాటలకు చోటు దొరికింది. కానీ నోటీసు రెండు వైపులా సమానంగా ఉండాలన్న మాటకు అందులో చోటు దొరకలేదు. పక్కనున్న కర్ణాటక మాత్రం 2025లో ప్లాట్‌ఫాం కార్మికులకు చట్టం చేసింది. కొన్ని మినహాయింపులు తప్ప, కారణం రాసివ్వకుండా, 14 రోజుల ముందు చెప్పకుండా కంపెనీ పనివాణ్ని తీసేయడానికి లేదు. అది యాప్‌ల మీద పని చేసేవాళ్లకే. ఐనా ఒక దారి పడింది. అక్కడ చేయగలిగింది, అన్ని రకాల కాంట్రాక్టు పనివాళ్లకూ మన దగ్గర ఎందుకు చేయరని అడగాలి.

బయటికి వచ్చే దారి

మన పిల్లలు చేసే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. భయపడి ఫోను ఆపేసి, చెప్పకుండా మాయమవడం. అప్పుడు న్యాయం మన వైపు ఉన్నా రుజువు వాళ్ల వైపు పోతుంది. తలుపు పగలగొట్టుకుని కాదు, తలుపు తెరిచి నడిచి రావాలి.

ముందు కాగితం మొత్తం చదవండి. ఇంగ్లీషులో ఉంటే చదివినవాళ్ల దగ్గర కూర్చోండి. డబ్బు ఏ తేదీకి ఇస్తామన్నారు, నోటీసు ఎన్ని రోజులు, తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి, ఈ మూడూ గుర్తు పెట్టండి.

తర్వాత, మొదట మాట తప్పింది ఎవరో చూడండి. చాలా చోట్ల మూడు నెలల డబ్బు ఆపినవాడే తొంభై రోజుల నోటీసు గురించి మాట్లాడుతుంటాడు. ఒక పక్షం తన మాట నిలబెట్టుకోవడానికి పూర్తిగా నిరాకరిస్తే రెండో పక్షం ఒప్పందాన్ని ముగించవచ్చని కాంట్రాక్టు చట్టం 39వ సెక్షన్. నాలుగు రోజులు ఆలస్యమైతే ఇది వర్తించదు. బాకీ ఎంతో రాసి, 15 రోజుల్లో ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వనందువల్లే ముగిస్తున్నానని రాయండి. అప్పుడు నోటీసు తప్పిన దోషం మన మీద పడదు.

వాళ్ల తప్పు లేకపోయినా మానుకోవలసి రావచ్చు. మంచి పని దొరుకుతుంది, ఇంట్లో జబ్బు, పెళ్లి, చదువు. అప్పుడు తొంభై రోజులు కాకపోయినా 15 రోజులో 30 రోజులో మీకు మీరే గడువు ఇవ్వండి. అది మర్యాదా, రక్షణా రెండూను. గడువు ఇచ్చినకొద్దీ వాళ్లు చెప్పుకునే నష్టం తగ్గుతుంది. ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఇట్లా రాయవచ్చు:

‘ఫలానా తేదీన మనం చేసుకున్న ఒప్పందాన్ని ఫలానా తేదీతో ముగిస్తున్నాను. ఈ లోపల ఫలానా పనులు పూర్తి చేసి అప్పజెబుతాను. నా స్థానంలో వచ్చేవారికి పని వివరిస్తాను. ఒప్పందంలో మీకు నోటీసు అక్కరలేదు, నాకు 90 రోజులు ఉంది. ఇది సమానం కాదు కనుక 30 రోజులు ఇస్తున్నాను. ఇప్పటిదాకా చేసిన పనికి నాకు రావలసింది ఇంత. చివరి రోజుకు చెల్లించగలరు.’

కోపం మాటలు వద్దు, క్షమాపణలు వద్దు. ఈమెయిల్ పంపండి, వాట్సాప్‌లో పెట్టండి, స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. అప్పజెప్పిన ప్రతి ఫైలుకూ, కెమెరాకూ, గుర్తింపు కార్డుకూ ముట్టినట్టు రాయించుకోండి. రాయకపోతే ఫొటో తీసి వాళ్లకే పంపండి. ఆఖరి బిల్లు వేసి ఇవ్వండి. పని చేసి అప్పజెప్పిన డబ్బు బాకీయే. బాకీ కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. సొంతంగా పని చేసేవాళ్లు ‘ఉద్యమ్’లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. పని ఒప్పుకోకముందే నమోదైతే 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం అండగా ఉంటుంది. కాగితంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటి బాకీ ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ.

వకీలు నోటీసు వస్తే బెదరకండి. అది ఉత్తరం, కోర్టు ఆర్డరు కాదు. కానీ జవాబు ఇవ్వండి. కోర్టు సమన్లు వస్తే మాత్రం తప్పకుండా హాజరు కావాలి. పోకపోతే వాళ్లు చెప్పిందే ఖాయమవుతుంది. మధ్యవర్తి నుంచి నోటీసు వచ్చినా అంతే, మా అభ్యంతరం ఇదీ అని రాతలో చెప్పండి. తగాదాలో ఉన్నవాడే తన ఇష్టమొచ్చిన ఏకైక మధ్యవర్తిని పెట్టుకోవడం కుదరదని సుప్రీం కోర్టు 2019లో చెప్పింది.

ఇంకో మోసం ఊళ్ల మీద పడింది. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేయండి అంటారు, ఫోనులోనే సంతకం చేయించుకుంటారు, తప్పులున్నాయని, గడువు దాటిందని వేలకు వేలు కట్టమని వకీలు పేరుతో నోటీసు పంపుతారు. పరువు పోతుందని అప్పు చేసి కట్టినవాళ్లున్నారు. కట్టకండి. 1930కి ఫోను చేసి సైబర్ నేరాలవాళ్లకు చెప్పండి.

సంతకానికి ముందు

అన్నిటికన్నా మంచిది సంతకానికి ముందే ఒక్క వాక్యం మార్పించడం: ‘ఏ పక్షమైనా 30 రోజుల నోటీసుతో ఒప్పందాన్ని ముగించవచ్చును.’ వాళ్లకెన్ని రోజులో మనకూ అన్నే. ఇది అడిగితే పని ఇవ్వరేమో అన్న భయం ఉంటుంది. నిజమే, కొందరు ఇవ్వరు. ఒక్కడు అడిగితే పొగరు అంటారు. పదిమంది అడిగితే పద్ధతి అంటారు. అందుకే ఒక మండలంలో ఒకే రకం పని చేసేవాళ్లు ముందే కలుసుకుని, ఏ షరతు ఒప్పుకోవద్దో మాట అనుకోవాలి.

ఆకలి మీద ఉండి ఏదైనా ఒప్పుకోవలసి వచ్చినా మూడు మాత్రం ఇవ్వకండి. ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఒప్పందం మీరితే సివిల్ తగాదా, చెక్కు బౌన్సయితే జైలుకు పోయే కేసు. వాళ్లు చెక్కు అడిగేది అందుకే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి, జిరాక్సు చాలు. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. మీ ప్రతి మీ దగ్గర లేని ఒప్పందం మీద అసలే పెట్టకండి.

మాట తప్పడం కాదా?

పెద్దవాళ్లు ఒక మాట అడుగుతారు. ఒప్పుకున్నాక నడుమ వదిలిపెట్టడం మాట తప్పడం కాదా అని. అడగవలసిన మాటే. మాట మీద నిలబడడం మన ఇళ్లలో నేర్పిన గుణం. పరీక్షలు నెల ఉండగా పిల్లలను వదిలేసి పోయే మాస్టారు, డబ్బు తీసుకుని వీడియో ఇవ్వకుండా తిప్పే కుర్రవాడు తప్పు చేస్తున్నట్టే. వాళ్లను ఈ పత్రిక వెనకేసుకు రాదు.

కానీ మాట అంటే ఇద్దరిదీ ఉండాలి. ఒకరు ఎప్పుడైనా తప్పవచ్చు, ఇంకొకరు ఎప్పుడూ తప్పకూడదు అంటే అది మాట కాదు, ఆజ్ఞ. ఆజ్ఞకు లొంగి ఉండడాన్ని నీతి అని వేల ఏళ్లు మనకు నేర్పారు. చేయగలిగిన గడువు ఇచ్చి, చేతిలో పని అప్పజెప్పి, తీసుకున్న పైసా లెక్క చెప్పి వచ్చేవాడు మాట తప్పినవాడు కాడు.

కార్యకర్తలు చేయవలసింది

ముందు మన ఇల్లు చూసుకోవాలి. దళితుల పేరు మీద ప్రాజెక్టులు నడిపే స్వచ్ఛంద సంస్థలు కొన్ని, మన పిల్లలనే ‘గౌరవ వేతనం’, ‘కన్సల్టెంట్’ పేరుతో పెట్టుకుని ఇదే ఏకపక్ష కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నాయి. వేదిక మీద 23వ అధికరణం, ఆఫీసులో తొంభై రోజుల నోటీసు. అంబేడ్కర్ ఫొటో కింద కూర్చుని ఈ కాగితం రాయడానికి చేయి ఎట్లా వస్తుంది? ఏ సంస్థైనా సరే, మన సభకు పిలిచే ముందు వాళ్ల ఒప్పంద పత్రం చూపమని అడుగుదాం.

రెండోది, నెలకోసారి అంబేడ్కర్ భవనంలోనో, బడి వరండాలోనో ఒప్పందాలు చదివే కూర్చోళ్లు పెట్టండి. చదివినవాళ్లు పైకి చదవాలి, మిగతావాళ్లు అడగాలి. ఎవరి పేరూ బయటపెట్టకుండా, ఏ సంస్థ ఏ షరతు పెడుతోందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఆరునెలల్లో మీ మండలంలో ఎవరు ఎట్లాంటివాళ్లో ఆ పుస్తకమే చెబుతుంది.

మూడోది, వకీలుకు డబ్బు లేదని ఆగొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ, ఆడవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, మండల కమిటీలు ఉంటాయి. ఫోను నంబరు 15100. మానుకుంటానన్నందుకు నిర్బంధించి పని చేయించినా, నలుగురి ముందు కులం పేరుతో తిట్టినా, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వండి, లేనిది కలపకండి. ఒక్క అబద్ధపు కేసు పది నిజమైన కేసులను చంపుతుంది.

నాలుగోది, ఎమ్మెల్యేలు ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు, మోరీతో పాటు ఈ ఒక్కటి కూడా అడగండి: పొమ్మనడానికి ఎన్ని రోజుల నోటీసో, పోవడానికీ అన్నే రోజులు అని చట్టం చేయండి. ఒక్క వాక్యం చాలు.

పాలేరు కొట్టంలోంచి బయటికి రావడానికి మన వాళ్లకు తరాలు పట్టింది. వాళ్ల మనవలు చదువుకుని, అదే గడియను ఇంగ్లీషు కాగితంలో మళ్లీ పెట్టించుకోనవసరం లేదు. పనికి కుదిరేటప్పుడు తల ఎత్తి కుదరండి. మానేటప్పుడు తల ఎత్తి మానండి.

జై భీం.